మా 2008 మోడల్ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ తీయించడం

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు దగ్గర పడిందంటే మా ఇంట్లో వినపడే మొదటి మాట స్క్రూ. "బ్రేక్‌కి వెళ్ళే ముందు రోజు పంపు స్క్రూ తగ్గించెయ్, అయిపోయాక మళ్ళీ పెంచుకో." బ్రేక్ అంటే ఎఫ్‌సీ కోసం జరిగే తనిఖీ, పంపు అంటే ఇంజిన్‌కి డీజిల్ అందించే పంపు. విజయవాడ ఆటోనగర్లో పాత బండి ఉన్న ఏ ఓనర్ని కదిపినా ఇదే వైద్యం చెబుతాడు. మా నాన్న కూడా ఏళ్ళ తరబడి ఇదే చేశాడు, బళ్ళు పాసవుతూనే వచ్చాయి. ఆ స్క్రూ జోలికి పోకుండా పాత డీజిల్ లారీని పొగ పరీక్షలో ఎలా నెగ్గించామో రాద్దామని కూర్చున్నాను. సూటిగా చెప్పాలంటే, డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలన్నదే అసలు విషయం. ముందు గాలి మీద, తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ మీద, ఆ రెండూ అయ్యాకే పంపు మీద. మన దగ్గర ఈ వరస ఎప్పుడూ తలకిందులే.

మాకు రెండు బళ్ళున్నాయి. నేను బీకాం చదివి ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తూ, పొద్దున్నా సాయంత్రం వాటి కాయితాలు చూస్తుంటాను. నాన్నకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆటోనగర్ తిరుగుడు కూడా నా నెత్తిన పడింది. ఇక్కడ చెప్పేది పెద్ద బండి గురించి. టాటా 2515, పది టైర్లది, 2008లో విజయవాడలోనే రిజిస్టరైంది. మల్టీ యాక్సిల్ (రెండుకి మించి ఇరుసులున్నది) కాబట్టి 15 ఏళ్ళ దాకా నేషనల్ పర్మిట్ నడిచింది, అది నిండగానే పోయింది. ఇప్పుడు రాష్ట్రం లోపలే దాని బతుకు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు నుంచి బూడిద ఇటుకలు, సీజన్లో మిల్లు బియ్యం. అక్కడి థర్మల్ కరెంటు స్టేషన్ బూడిద ఎలా ఉంటుందో ఆ రోడ్డు మీద బైక్ నడిపినవాళ్ళకి తెలుసు. ఈ బూడిద సంగతి ఎందుకెత్తానో తర్వాత తెలుస్తుంది.

2008 అంటే మా బండి బీఎస్-2. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకి సర్కారు పెట్టిన ప్రమాణం. అంకె పెరిగేకొద్దీ హద్దు గట్టిది. దేశమంతా బీఎస్-2 వచ్చింది 2005 ఏప్రిల్లో. అప్పుడే హైదరాబాద్‌తో కలిపి 11 నగరాలకి బీఎస్-3 పెట్టారు. అందుకే 2008లో హైదరాబాద్‌లో రిజిస్టరైన బండి మామూలుగా బీఎస్-3, విజయవాడలో రిజిస్టరైంది బీఎస్-2. ఊరు మారితే ఇంజిన్ జాతకమే మారిపోయింది. మిగతా దేశానికి బీఎస్-3 వచ్చింది 2010లో, బీఎస్-4 వచ్చింది 2017లో, బీఎస్-6 వచ్చింది 2020లో. మా బండి పుట్టినప్పుడు దాని ట్యాంకులో పోసిన డీజిల్లో గంధకం పదిలక్షల పాళ్ళకి 500 దాకా ఉండొచ్చు. ఇవాళ బంకులో పోసేదానిలో 10 మించకూడదు. అంటే ముసలి ఇంజిన్‌కి చాలా శుభ్రమైన తిండి పెడుతున్నాం. దానివల్ల గంధకం నుంచి పుట్టే మలినం తగ్గుతుంది గానీ, కాలీకాలక వచ్చే మసి అంతగా తగ్గదు. మసి ఇంజిన్ పనితనాన్ని బట్టి వస్తుంది.

పరీక్షలో చూసేది ఆ మసినే. మోటారు వాహనాల నిబంధనల్లో 115వ రూలు ప్రకారం బీఎస్-4 కంటే ముందు డీజిల్ బళ్ళకి హద్దు 65 హెచ్‌ఎస్‌యూ. అదే కె విలువలో (పొగ వెలుగుని ఎంత మింగుతుందో చెప్పే ఇంకో కొలతలో) చెబితే 2.45. బీఎస్-4 బళ్ళకి 50, కె విలువ 1.62. ఈ హెచ్‌ఎస్‌యూ అంటే ఏమిటని నేను చాలామంది ఓనర్లని అడిగాను, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. విషయం చాలా తేలిక. పొగమీటరు లోపల ఒక గొట్టం ఉంటుంది. ఒక చివర దీపం, రెండో చివర ఆ వెలుగుని కొలిచే సెన్సర్. మధ్యలోంచి మన బండి పొగ పోతుంది. 43 సెంటీమీటర్ల దారిలో ఎంత శాతం వెలుగు ఆగిపోయిందో అదే హెచ్‌ఎస్‌యూ. 65 అంటే నూటికి 65 పాళ్ళ వెలుగు అవతలి చివరికి చేరలేదన్నమాట. ఆలోచిస్తే అది తక్కువ పొగేమీ కాదు. ఆ హద్దు దాటే బండి వెనక స్కూటర్ మీద వెళ్ళేవాడి ఊపిరితిత్తుల గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

పరీక్ష చేసే పద్ధతి కూడా చెప్పాలి. పొగ ఎందుకొస్తుందో అర్థం కావాలంటే అది తెలియాలి. బండి న్యూట్రల్లో ఉంటుంది, లోడు ఉండదు. ఇంజిన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి. ముందు కొన్నిసార్లు ఎక్సలేటర్ తొక్కి వదిలి, సైలెన్సర్లో పేరుకున్న మసిని బయటికి కొట్టేయాలి. తర్వాత గొట్టం పెట్టి, ఎక్సలేటర్ ఒక్క ఊపున చివరిదాకా తొక్కి, గవర్నర్ (ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే భాగం) కట్ చేసేదాకా ఉంచి వదలాలి. ఇలా కొన్నిసార్లు చేసి, రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా వచ్చాక సగటు తీస్తారు. తొక్కిన ఆ క్షణంలో పంపు ఫుల్ డీజిల్ ఇచ్చేస్తుంది. ఇంజిన్లోకి గాలిని తొక్కే టర్బో మాత్రం అంత వేగంగా అందుకోదు. అది అందుకునేలోపు సిలిండర్లోకి వెళ్ళే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. అప్పుడే గొట్టంలోంచి ఆ నల్లటి బుస్సు. కొత్త ఇంజిన్లో అది కనురెప్పపాటు ఉండి పోతుంది. మా బండిలో బాబాయ్ వెనక్కి తిరిగి చూసేంత సేపు ఉండేది.

బాబాయ్ అంటే మా డ్రైవర్. బండి కొన్న ఏడాది నుంచీ ఆయనే.

ఇప్పుడొక ఇబ్బందికరమైన మాట. పొల్యూషన్ కాయితం మీద మా బండి రీడింగు ఏనాడూ ముప్ఫైలు దాటలేదు. అదెలా సాధ్యమో ఆటోనగర్లో అందరికీ తెలుసు. కొన్నిచోట్ల నంబరు ప్లేటు ఫొటో తీస్తారు, గొట్టాన్ని సైలెన్సర్ మూతికి అలా తగిలిస్తారు, ఇంజిన్ ఐడిల్లో గుర్రుమంటూ ఉండగానే ప్రింటు వచ్చేస్తుంది. డబ్బులిచ్చి కాయితం పట్టుకుని వచ్చేయడమే. నాన్నలాంటి వాళ్ళు దాన్ని మోసం అనుకోరు, అదొక రకం టోల్‌గేటు అనుకుంటారు. కానీ ఎఫ్‌సీ యంత్రాల కేంద్రాలకి మారుతూ వస్తుండటంతో ఈ లెక్క తప్పుతోంది. అక్కడ బ్రేకులు రోలర్ల మీద, లైట్లు మీటరు మీద, పొగ కూడా మీటరు మీదే చూసి రీడింగు నేరుగా కంప్యూటర్లోకి పోతుంది. మనిషితో మాట్లాడుకున్నట్టు యంత్రంతో మాట్లాడుకోలేం. బండికి 8 ఏళ్ళు దాటితే ఎఫ్‌సీ ఏటా తప్పదు, గడువు దాటితే రోజుకి 50 రూపాయల చొప్పున అదనం. పైగా 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన హెవీ బండికి ఎఫ్‌సీ రెన్యువల్ ఫీజు 12,500 చేశారు. 2025 నవంబరులో వయసు శ్లాబులు పెట్టి ఇంకా పెంచారు. ఇంత కట్టి, పొగ దగ్గర ఫెయిలై, మళ్ళీ రావడం నాకు ఇష్టం లేదు. అందుకని ముందే నిజం రీడింగు ఎంతో తెలుసుకుందామనుకున్నాను.

మా పంపు మెకానిక్ భాయ్ షెడ్డు పక్కనే వాళ్ళ అన్న కొడుకు లైసెన్సున్న పొల్యూషన్ సెంటరు నడుపుతాడు. "కాయితం వద్దు తమ్ముడూ, రూల్లో ఉన్నట్టు చేసి నంబరు చెప్పు చాలు" అన్నాను. అతను నన్ను అనుమానంగా చూశాడు. కాయితం వద్దని వచ్చిన కస్టమరు అతనికి అదే మొదలేమో. బాబాయ్ కొండపల్లి నుంచి బండి వేడి వేడిగా తెచ్చాడు. ఎక్సలేటర్ తొక్కాడు. 78 వచ్చింది. హద్దు 65.

"చెప్పానా, స్క్రూ తిప్పించమని" అని ఫోన్లో నాన్న.

భాయ్ మాత్రం పంపు వైపు చూడనేలేదు. పంపు బాగుచేయడమే తన జీవనాధారమైన మనిషి, పంపు విప్పకుండా ఎయిర్ క్లీనర్ మూత తీయమన్నాడు. ఆ ఒక్క విషయానికే ఆయన మీద నాకు గురి కుదిరింది. లోపలి ఫిల్టర్ బయటికి తీస్తే, అది కాగితమో సిమెంటో తెలియనంతగా బూడిద పట్టేసి ఉంది. మా క్లీనర్ కుర్రాడు వారం వారం దాన్ని టైరుకేసి కొట్టి దులిపేవాడు. దులిపినట్టే ఉండేది, కానీ బూడిద మట్టిలాంటిది కాదు. మెత్తగా మడతల లోపలికి దిగిపోయి కూర్చుంటుంది. పైగా కొట్టి కొట్టి రేకు అంచు వంగి, సీలు సరిగ్గా కూర్చోవడం లేదు. చీకట్లో ఫిల్టర్ లోపల బల్బు పెట్టి చూపించాడు భాయ్. ఎక్కడ వెలుగు రావాలో అక్కడ రావడం లేదు, ఒకటి రెండు చోట్ల మాత్రం సూదిబెజ్జాల్లోంచి తళుక్కుమంటోంది. రెండు విధాలా నష్టమే. గాలి అందక పొగ, బెజ్జాల్లోంచి వెళ్ళిన బూడిదతో లైనర్లు, రింగులు అరుగుడు. ఫిల్టర్ ఆదా చేద్దామనుకునేవాళ్ళు ఇంజిన్ బోరు ఖర్చు ఒకసారి లెక్కేసుకోవాలి.

దులపాల్సి వస్తే లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ గాలితో దులపాలట. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. లోపల ఉండే చిన్న సేఫ్టీ ఫిల్టర్ని అసలు దులపకూడదు, మార్చడమే. ఇవన్నీ ఫిల్టర్ డబ్బా మీదే బొమ్మలతో సహా ఉంటాయి. మనం డబ్బా ఎప్పుడు చదివాం గనక.

తర్వాత టర్బో నుంచి మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టానికి) వెళ్ళే రబ్బరు హోసు. పైకి బాగానే ఉంది. భాయ్ దాన్ని చేత్తో వంచితే అడుగున సన్నటి చీలిక, చుట్టూ నూనె తడి మరక. టర్బో కష్టపడి తొక్కిన గాలి అక్కడ సగం కారిపోతోంది. క్లిప్పు కూడా వదులు. ఆ హోసు ఖరీదు నాన్న మందుల షాపు బిల్లంత కూడా లేదు. కొత్త ఫిల్టర్లు, కొత్త హోసు, ట్యాపెట్లు (వాల్వుల సందులు) సరిచూసి మళ్ళీ మీటరు పెట్టాం. 66.

ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు దగ్గరే నేను, నాన్న గట్టిగా వాదించుకున్నాం. ఇంత దగ్గరికొచ్చాక కాస్త స్క్రూ తగ్గిస్తే ఏం పోతుందని ఆయన. నిజానికి ఆ వాదనలో బలం లేకపోలేదు. పంపు మీద ఉండే ఆ స్క్రూ ఇంజిన్‌కి ఫుల్ లోడులో అందే డీజిల్‌కి హద్దు. దాన్ని తగ్గిస్తే పొగ తగ్గడం ఖాయం. హై స్పీడు స్క్రూ కూడా తగ్గించేస్తే ఇంజిన్ పూర్తిగా రేజ్ కానే కాదు, పొగ ఇంకా తక్కువ. దాని పర్యవసానం తెలిసింది మాత్రం బాబాయ్‌కి. "స్క్రూ తగ్గించిన బండితో ఇటుకల లోడు వేసుకుని ఘాట్ కాదు కదా, ఫ్లైఓవర్ ఎక్కడానికి కూడా సెకండ్ గేరే పాపా" అన్నాడు. చిన్న గేర్లో ఎక్కువ రేజింగుతో నడిపితే డీజిల్ ఎక్కువే తాగుతుంది. అందుకని పరీక్ష అవగానే స్క్రూ పెంచుతారు. ఈసారి పాతచోటికి రాదు, ఇంకొంచెం ఎక్కువకే పోతుంది, ఎందుకంటే డ్రైవరు పికప్ బాగుందంటాడు. ఏటా ఇలా చేసి చేసి కంపెనీ వేసిన సీసపు సీలు ఎప్పుడో పోయి, పంపు సెట్టింగు ఎక్కడ ఉండాలో ఎవరికీ తెలియని స్థితికి వస్తుంది. మా బండికి ఆ సీలు లేదని వేరే చెప్పక్కర్లేదు.

భాయ్ తీర్పు: "అబ్బాజాన్ మాట తర్వాత చూద్దాం అమ్మా, ముందు నాజిళ్ళు దింపుదాం."

నాజిల్ టెస్టింగు చూడటం నాకు భలే ఇష్టం. ఒక చిన్న చేతి పంపు, ఒక ప్రెషర్ గేజీ, ఒక గాజు డబ్బా. లివరు కిందికి నొక్కితే నాజిల్ మూతి నుంచి డీజిల్ పొగమంచులా చిమ్ముతుంది. మంచి నాజిలైతే కిర్రు కిర్రుమని సన్నగా కూత పెడుతుంది. భాయ్ కళ్ళతో కంటే చెవులతోనే ఎక్కువ చూస్తాడు. "చెయ్యి దగ్గరికి తేవద్దమ్మా, చర్మంలోంచి దూసుకుపోద్ది" అని కుర్రాళ్ళని కసిరినట్టే నన్నూ కసిరాడు. నిజమే, ఆ ప్రెషర్లో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం అది. ఆరు నాజిళ్ళలో రెండు చక్కగా చల్లుతున్నాయి. రెండు ఒకవైపుకే చల్లుతున్నాయి. మిగతా రెండిటి సంగతి చూసేసరికి నాకే సిగ్గేసింది. లివరు ఆపాక కూడా మూతి దగ్గర బొట్టు పేరుకుని, జారి కింద పడుతోంది. ఆ బొట్టే సిలిండర్లో సరిగ్గా కాలకుండా మసిగా మారి బయటికొచ్చేది. పంపు ఎంత డీజిల్ ఇచ్చినా తప్పు పంపుది కాదు. ఇచ్చిన డీజిల్ తుంపరలుగా విడిపోకుండా బొట్లుగా పడటంలో ఉంది.

నాలుగు నాజిళ్ళు మార్చాం, రెండు శుభ్రం చేసి ప్రెషర్ సరిచేశారు. కింద వాషర్లు కొత్తవి వేశారు. అదే షెడ్డులో కొందరు పాత రాగి వాషర్లని మంటలో కాల్చి మళ్ళీ వేస్తారు. భాయ్ ఆ పని చేయడు. టైమింగ్ కూడా చూశారు, కాస్త వెనకబడి ఉంటే సరిచేశారు. టైమింగ్ వెనకబడితే డీజిల్ ఆలస్యంగా పడి, కాలడానికి సమయం చాలక అదొక పొగ.

ఈసారి రీడింగు 48. స్క్రూ ముట్టుకోలేదు. బీఎస్-4 బండికి పెట్టిన 50 హద్దు లోపలికి మా బీఎస్-2 బండి వచ్చింది. పొల్యూషన్ సెంటరు కుర్రాడు "అక్కా, కాయితం తీసుకోండి, ఇది తీసుకోవాల్సిన కాయితం" అని తనే అన్నాడు. మైలేజీ కూడా లీటరుకి అర కిలోమీటరు పెరిగిందని బాబాయ్ అంటున్నాడు. దాంట్లో సగమే నమ్ముతాను. డ్రైవర్లు కొత్తగా రిపేరైన బండి మీద ప్రేమతో చెప్పే లెక్కలవి. సగమైనా నెల తిరిగేసరికి నాజిళ్ళ డబ్బు వచ్చేస్తుంది.

పంపు చివరికి మిగిలింది. దాన్ని బెంచి ఎక్కించి, ఆరు గాజు గొట్టాల్లో ఆరు సిలిండర్లకి సమానంగా డీజిల్ పడుతోందో లేదో చూసే పని పెద్దది, ఖర్చూ పెద్దదే. 2008లో కంపెనీ పేరు మైకో నుంచి బాష్‌గా మారినా ఆటోనగర్లో అది ఇప్పటికీ మైకో పంపే. 48 వచ్చాక దాన్ని విప్పాల్సిన పని లేదన్నాడు భాయ్. చాలామంది మొదట విప్పేది దాన్నే. స్క్రూ కనపడేది పంపు మీదే కాబట్టి, జబ్బు కూడా అక్కడే ఉందనుకుంటారు.

ఇంకో అలవాటు గురించి చెప్పి తీరాలి. కొన్ని టర్బో బళ్ళకి పంపు వెనక, గవర్నర్ మీద ఒక డయాఫ్రమ్ ఉంటుంది. టర్బో గాలి అందేదాకా డీజిల్‌ని అదుపులో పెట్టడం దాని పని. అంటే ఆ నల్లటి బుస్సు రాకుండా కంపెనీ వాడు పెట్టిన కాపలా. పికప్ కోసం కొంతమంది దాన్ని లాక్ చేయించేస్తారు. అలాంటి బండికి ఎన్ని నాజిళ్ళు మార్చినా పరీక్షలో బుస్సు బుస్సే. సెకండ్ హ్యాండులో బండి కొన్నవాళ్ళు ముందు ఇది చూపించుకోండి. పాత ఓనరు చెప్పడు.

పొగ రంగు గురించి ఫోన్లు చేసి అడిగే బంధువులున్నారు కాబట్టి రెండు ముక్కలు. పైన రాసిందంతా నల్లపొగకే. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. రింగులో, వాల్వు గైడ్లో, టర్బో సీలో, ఏదైనా అది పెద్ద ఖర్చు. తెల్లగా వస్తే, చలి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు మామూలే. వేడెక్కాక కూడా వస్తుంటే డీజిల్ కాలడం లేదు లేదా నీళ్ళు లోపలికి పోతున్నాయి. రోడ్డు పక్కన బయోడీజిల్ అని చౌకగా పోసేవాళ్ళ దగ్గర ట్యాంకు నింపి, నాజిళ్ళని తిట్టుకోవడం కూడా చూశాను.

మా రెండో బండి 2018ది, బీఎస్-4. దాని గొడవ పూర్తిగా వేరు. దానికి పొగ శుభ్రం చేయడానికి యూరియా పోయాలి, సెన్సర్లున్నాయి, స్క్రూలు లేవు, భాయ్ దగ్గర మందు లేదు. లాప్‌టాప్ ఉన్న కుర్రాడు రావాలి. దానికి ఒక లాభం మాత్రం ఉంది. బీఎస్-4, ఆ పైన బళ్ళకి పొల్యూషన్ కాయితం ఏడాది చెల్లుతుంది. పాతవాటికి ఆరు నెలలే.

ఇక ఎఫ్‌సీ పరీక్ష రోజు సంగతి. పొద్దున్నే వెళ్ళి లైన్లో పెట్టి, ఏసీ లేని క్యాబిన్లో ఫ్యాను కోసం ఇంజిన్ ఐడిల్లోనే ఉంచేస్తారు డ్రైవర్లు. గంటలు ఐడిల్లో నడిస్తే ఇంజిన్ చల్లబడుతుంది, సైలెన్సర్లో మసి, నూనె పేరుకుంటాయి. మన వంతు వచ్చేసరికి మొదటి తొక్కుడుకే అదంతా బయటికొస్తుంది. అందుకని బాబాయ్‌కి ముందే చెప్పాను, ఇంజిన్ ఆపేసి ఉంచు, మన ముందు ఒకటి రెండు బళ్ళు ఉండగా స్టార్ట్ చేసి వేడెక్కించి, నాలుగైదుసార్లు రేజ్ చెయ్యి అని. అక్కడ నాలుగైదుసార్లు రేజ్ చేస్తే చుట్టుపక్కల డ్రైవర్లు తిడతారు. తిట్టించుకున్నాడు. యంత్రంలో మా బండికి 51 వచ్చింది. బ్రేకుల దగ్గర వెనక చక్రం ఒకటి తక్కువ చూపించి మా గుండె ఆగినంత పనైంది గానీ, అది మరోసారి రాస్తాను.

కాయితాల మనిషిగా ఒక మాట. పొల్యూషన్ లేకుండా దొరికితే 2019 సెప్టెంబరు నుంచి జరిమానా 10,000 దాకా ఉంది, మూడు నెలల జైలు కూడా చట్టంలో రాసుంది. పొల్యూషన్ లేకపోతే ఇన్సూరెన్సు రెన్యువల్ చేయొద్దని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 జూలైలో ఆ షరతు తనే సడలించింది. దాంతో కొందరు ఏజెంట్లు "ఇక పొల్యూషన్ అక్కర్లేదండీ" అని ప్రచారం మొదలెట్టారు. అది ఇన్సూరెన్సుకి సంబంధించిన మాట మాత్రమే. రోడ్డు మీద కాయితం అడిగితే చూపించాల్సిందే.

ఈ పరీక్ష మీద నాకు అనుమానాలు లేవని కాదు. న్యూట్రల్లో, ఖాళీ బండి మీద తొక్కి చూసే పొగకీ, ఇరవై అయిదు టన్నుల బరువుతో ఎత్తెక్కేటప్పుడు వచ్చే పొగకీ చాలా తేడా ఉంటుంది. రెండోది ఈ పరీక్షకి కనపడదు. 48 వచ్చిన మా బండి కూడా లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక బైక్ మీద నేనుంటే చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటాను. కాకపోతే రీడింగు 78 ఉన్న రోజుల్లో చున్నీ కూడా పనికొచ్చేది కాదు.

పాత బండి కొందామా అని నన్ను అడిగేవాళ్ళకి నా సమాధానం మీటరు దగ్గర మొదలవుతుంది. బండి వేడిగా ఉన్నప్పుడు రూలు ప్రకారం పొగ చూపించమనండి, ఓనరు నసిగితే వచ్చేయండి. ఎయిర్ ఫిల్టర్ బయటికి తీయించి చూడండి. పంపు మీద సీలు ఉందేమో చూడండి, ఉంటే అదృష్టం. రిజిస్ట్రేషన్ తేదీ చూసుకుని, 15 ఏళ్ళు ఎప్పుడు నిండుతాయో, నేషనల్ పర్మిట్, ఎఫ్‌సీ ఫీజు ఏ సంవత్సరం నుంచి మారతాయో వేళ్ళ మీద లెక్కేసుకోండి. ధర బేరం అక్కణ్ణించి.

మా బండి విషయంలో మాత్రం, ఈసారి మైకో పంపు బెంచెక్కాల్సి వస్తే ఆ డబ్బు పెట్టకుండా స్క్రాపుకి ఇచ్చేద్దామన్నాను నాన్నతో. సర్కారు గుర్తించిన స్క్రాప్ కేంద్రంలో ఇస్తే వచ్చే సర్టిఫికెట్ మీద కొత్త బండి రోడ్ ట్యాక్సులో రాయితీ ఉంటుందనీ చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. పోయిన దసరాకి క్యాబిన్‌కి కొత్త పెయింటు వేయించింది తన డబ్బులతోనని, ముందు అది వసూలు కానివ్వమని అంటున్నాడు.